బేరం కుదరని ప్రశ్న

బడి ఎదుట మేడగది,
బడులు తెరిచిన నెల

అత్తా,

నేనూ నా గొంతూ ఇంకా బాగానే ఉన్నాం. నువ్వూ నీ మోకాళ్లూ ఎలా ఉన్నారో రాయి. ఫోన్ చేస్తే నువ్వు "ఏంటీ? గట్టిగా చెప్పు" అనడం, నేను అరవడం, కింద వాటావాళ్లు తలెత్తి చూడడం, ఇదంతా ఎందుకని ఉత్తరమే రాస్తున్నాను. ఎర్రసిరా పెన్ను దూరంగా పెట్టి చదువు. పోయినసారి నా ఉత్తరంలో తప్పులు దిద్ది వెనక్కి పంపావు చూడు, దాన్ని మా స్టాఫ్‌రూంలో అందరూ చదువుకుని నవ్వారు.

ఇంతకీ సంగతేమిటంటే, ఈ ఏడు నాకు ఏడో తరగతి సైన్సు అప్పజెప్పారు. మొదటి వారమంతా గోడతో మాట్లాడినట్టే ఉంది. "అర్థమైందా?" అంటే "అయింది టీచర్" అని ముక్తకంఠంతో అంటారు. ఎవరినైనా లేపి అడిగితే గుటకలు మింగుతారు. నాకు చిర్రెత్తుకొచ్చి ఒక ఆట కనిపెట్టాను. పేరు మాటల అంగడి.

తరగతిని రెండు జట్లు చేస్తాను. ఒక జట్టు అమ్ముతుంది, ఒక జట్టు కొంటుంది. అమ్మేది మాటల్ని. "నేను గొడుగు తెచ్చిన రోజు వాన రాదు. కాబట్టి గొడుగే వానని ఆపుతోంది. కొంటారా?" అని ఒకడు కేక పెడతాడు. అవతలివాళ్లు ఊరికే కొనకూడదు, బేరమాడాలి. బేరమంటే ప్రశ్నలే. నీకెలా తెలుసు? వేరే కారణం ఉండొచ్చు కదా? ఒక్కటే మార్చి చూశావా, రెండూ మూడూ కలిపి మార్చేశావా? చచ్చు మాట కొన్న జట్టు ఒక గుండీ ఇచ్చుకోవాలి. మంచి మాటని అనుమానంతో వదిలేసినా ఇచ్చుకోవాలి. ఆ గుండీలు మా తరగతిలో ఒకమ్మాయి వాళ్లమ్మ పంపింది. ఆవిడ దర్జీ.

ఆ పిల్లకి తోటివాళ్లు పెట్టిన పేరు గొణుగుడు. పైకి ఒక్క మాట రాదు, లోపల్లోపలే గొణుక్కుంటుంది. గొడుగు బేరంలో "గొడుగు తేని రోజుల్లో వాన రానివి ఎన్నున్నాయో చూశాడా" అని గొణిగింది. పక్కపిల్ల అందుకుని అదే మాట గట్టిగా అరిచింది. అమ్మేవాడు నోరు తెరిచేశాడు, తరగతంతా ఘొల్లుమంది. నాకైతే కళ్లనీళ్లు తిరిగాయి అత్తా. తిట్టాలనిపిస్తే తిట్టు గానీ ఏదో ఒకటి రాయి.

నీ మేనకోడలు


వెనక వసారా,
మధ్యాహ్నం కాఫీ తాగాక

ఒసే అమ్మడూ,

మోకాళ్లు కుశలం, నేనే వాటితో వేగలేకపోతున్నాను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పాఠం చెబుతున్నావా, సంత నడుపుతున్నావా? ఆటలాడించడానికి జీతమిస్తున్నారని తెలిస్తే నేనూ ఇంకో పదేళ్లు ఉద్యోగం చేసేదాన్ని. నా తరగతిలో చీమ నడిస్తే వినపడేది. అలా చదువుకున్నవాళ్లే ఇవాళ పెద్ద పెద్ద కుర్చీల్లో కూర్చుని ఉన్నారు, ఎదురుపడితే లేచి నిలబడతారు. నీ పిల్లలు రేపు ఎదురుపడితే నీతో బేరమాడతారు.

ప్రశ్నించడం నేర్పే ముందు ప్రశ్న చదవడం నేర్పు తల్లీ. పరీక్ష హాల్లో ఎవరూ బేరమాడనివ్వరు. అడిగింది రాయాలి, గంట కొట్టగానే ఇచ్చి రావాలి. అంతే.

ఆ గొణుగుడు పిల్లని మాత్రం ముందు బెంచీలో కూర్చోబెట్టు. గొణిగేవాళ్ల దగ్గర సరుకు ఉంటుంది. ఇది నా అనుభవం మీద చెబుతున్నాను, కావలిస్తే బేరమాడుకో.

నాకు కొన్నాళ్లు వేరే పని ఉంది, జవాబు ఆలస్యమైతే కంగారుపడకు. ఏం పని అని అడగకు. అడిగినా చెప్పను.

అత్త


స్టాఫ్‌రూం, కిటికీ పక్క బల్ల,
అర్ధసంవత్సర పరీక్షలయ్యాక

అత్తా,

నువ్వు చెప్పినట్టే ముందు బెంచీలో కూర్చోబెట్టాను. ఇప్పుడు ఆ పిల్ల గొణుగుడు నాకొక్కదానికే వినపడుతుంది, పాఠం మధ్యలో నవ్వాపుకోలేక చస్తున్నాను.

నా మీద ఫిర్యాదు కూడా వచ్చింది, సంతోషించు. ఒక పిల్లాడు ఇంట్లో మందు తాగనని మారాం చేస్తుంటే వాళ్ల నాన్న "మందు చేదుగా ఉంటేనే పనిచేస్తుందిరా" అన్నాడట. వీడు "తియ్యటి మందులు వేసుకుని తగ్గనివాళ్లని ఎంతమందిని చూశావు నాన్నా?" అన్నాడట. ఆయన తిన్నగా పెద్దసారు గదికొచ్చి "మా వాడికి ఏం నేర్పుతున్నారు మీరు?" అని నిలదీశాడు. మా పెద్దసారు నెమ్మదైన మనిషే గానీ ఫిర్యాదంటే హడలు. నన్ను పిలిచి "అమ్మా, ఏడాది చివర బళ్లన్నిటికీ కలిపి ఉమ్మడి పరీక్ష ఉంది. మార్కులు తగ్గితే ఆటకి నీదే పూచీ" అన్నారు. సరేనన్నాను. ఇంకేమంటాను?

ఉమ్మడి పరీక్ష అంటే నాకూ గుండెల్లో గుబులుగానే ఉంది, అదీ గొణుగుడు గురించి. పెద్ద బడిలో సీట్లు ఈ మార్కుల మీదే ఇస్తారు, హాస్టలు కూడా ఉంటుంది. వాళ్లమ్మ మొన్న సాయంత్రం మిషను ఆపకుండానే నాతో మాట్లాడింది. "దీన్ని ఆ బడిలో వేస్తే చాలు టీచర్‌గారూ. ఇక్కడే ఉంటే ఎనిమిదో తరగతితో నా పక్కన ఇంకో మిషను వేసుకుని కూర్చుంటుంది. నా కళ్లు పోయినట్టే దాని కళ్లూ పోతాయి" అంది. ఆ పిల్ల పక్కనే చొక్కాకి కాజాలు కుడుతూ ఉంది. మిగతా సబ్జెక్టులు బొటాబొటీ, సైన్సే దాన్ని గట్టెక్కించాలి.

నీ రహస్యపు పని ఏమిటి అత్తా? ఈ వయసులో ప్రేమలేఖలు రాస్తున్నావా ఏం?

నీ మేనకోడలు


వెనక వసారా,
ఎండ నెత్తికెక్కిన వేళ

ఒసే అమ్మడూ,

ప్రేమలేఖలు రాయాలన్నా ఎదుటివాళ్లకి చత్వారం రాకుండా ఉండాలిగా. నా పని అయిపోయింది, బరువు దిగింది. ఇంకేమీ అడగకు.

నిన్న మోకాలి డాక్టరు దగ్గరికి వెళ్లాను. "ఈ నూనె రాయండి, నెల తిరిగేసరికి తగ్గుతుంది" అన్నాడు. నా నోరు ఊరుకోలేదు. "నూనె రాయకపోయినా నెలకి తగ్గేదేమో, ఎలా తెలుస్తుంది నాయనా?" అన్నాను. మందుల చీటీ పక్కన పెట్టి, "మీరు టీచరా?" అన్నాడు. "కాదు, టీచరు అత్తని" అన్నాను. నవ్వుకోకు, నీ ఆట మంచిదని నేను ఒప్పుకోలేదు. దురద లాంటిది, అంటుకుంటుందని మాత్రం ఒప్పుకుంటున్నాను.

దర్జీ మాట మనసులో పడింది. ఆ పిల్లని పరీక్షకి బాగా తయారు చెయ్యి. ఈ నెలా రెండు నెలలు అంగడి మూసి పుస్తకం తెరువు.

అత్త


మేడగది,
సైన్సు పరీక్ష నాటి సాయంత్రం

అత్తా,

ఒళ్లు మండిపోతోంది. నువ్వే న్యాయం చెప్పు.

పేపరులో పెద్ద ప్రశ్న ఇది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "ఒకడు ఒక మొక్కను కిటికీ దగ్గర వెలుగులో పెట్టి రోజూ నీళ్లు పోశాడు. అలాంటిదే ఇంకొక మొక్కను చీకటి గదిలో పెట్టి నీళ్లు పోయకుండా వదిలేశాడు. రెండవ మొక్క వాడిపోయింది. దీనినిబట్టి మొక్కకు వెలుగు అవసరమని నిరూపించండి." మొత్తం మార్కుల్లో ఐదో వంతు దీనికే.

చూశావా? ఆ మహానుభావుడు రెండూ మార్చేశాడు, వెలుగూ నీళ్లూ. ఇక మొక్క చీకటికి వాడిందో దాహానికి వాడిందో బ్రహ్మదేవుడికైనా తెలుస్తుందా? మా పిల్లల్లో సగం మందికి పైగా "ఇది నిరూపించలేం" అని రాసొచ్చారు. కాలరెగరేసుకుంటూ బయటికొచ్చి "టీచర్, పేపర్లో చచ్చు మాట అమ్మారు, మేం కొనలేదు" అన్నారు. ఇదీ ఆటలో భాగమే అనుకున్నారు పిచ్చి సన్నాసులు.

గొణుగుడు కూడా అదే రాసింది. ఎలా చెయ్యాలో బొమ్మ కూడా వేసిందట, వరండా నేలమీద సుద్దముక్కతో గీసి చూపించింది. నాలుగు కుండీలు, రెండు జతలు. మొదటి జతలో రెంటికీ నీళ్లు, ఒకదానికే వెలుగు. రెండో జతలో రెంటికీ వెలుగు, ఒకదానికే నీళ్లు. ఏడో తరగతి పిల్ల, అత్తా!

కానీ దిద్దేవాళ్ల చేతిలో ముందే రాసిచ్చిన జవాబు ఉంటుంది కదా. అందులో "వెలుగు అవసరం" అని ఉంటే దీనికి సున్నా పెడతారు. సున్నా పడితే సీటు పోయినట్టే. పెద్దసారు తల పట్టుకున్నారు. "నే చెప్పలేదూ" అని కూడా అనలేదు, అదింకా బాధ.

ఆ పేపరు తయారుచేసింది ఎవరో గానీ, బుర్ర ఇంట్లో పెట్టి వచ్చి కూర్చున్నట్టున్నారు. కనపడితే కడిగేద్దును.

నీ మేనకోడలు


ఇంటి నుంచి

మేనకోడలికి,

ఉత్తరం అందింది.

పరీక్ష పరీక్షే. అడిగినవాళ్ల ఉద్దేశం ఏమిటో ఏడో తరగతి పిల్లలకి తెలియకుండా ఉంటుందా? మొక్కకి వెలుగు కావాలా అక్కర్లేదా అన్నది వాళ్లు చదివిన పాఠమే. అది రాస్తే సరిపోయేది. తెలివి చూపించుకోవడానికి పరీక్ష పేపరు చోటు కాదని నేను మొదటే చెప్పాను.

పేపరు తయారుచేసేవాళ్లు నీకంటే అనుభవం ఉన్నవాళ్లయి ఉంటారు. దాన్ని ఇంకా కొందరు సరిచూసే ఉంటారు. అంతమంది పెద్దవాళ్లకి కనపడని తప్పు మీకే కనపడిందా? నోరు జారే ముందు ఆలోచించు.

అత్త


మేడగది,
సెలవుల మొదటి వారం

అత్తా,

"ఒసే" లేదు, "అమ్మడూ" లేదు. మోకాళ్ల ఊసు కూడా లేదు. నేనేం తప్పు రాశానో అర్థం కాక నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. చివరికి కోపమొచ్చింది. నీ మాట నేను కొనను. బేరమాడతాను.

ఒకటి. అనుభవం ఉన్నవాళ్లు తప్పు చెయ్యరని నీకెలా తెలుసు? చేసినప్పుడు ఎవరైనా చెబితే కదా తెలిసేది!

రెండు. అంతమంది చూశారన్నావు. చూశారో, పెద్దవాళ్లు తయారుచేసింది కదా అని సంతకం పెట్టేశారో ఎవరికి తెలుసు? వేరే కారణం ఉండొచ్చు కదా?

మూడు. అడిగినవాళ్ల మనసులో ఏముందో ఊహించి రాయమన్నావు. అప్పుడు పరీక్ష దేనికి పెట్టినట్టు, సైన్సుకా, పెద్దవాళ్ల మొహం చూసి మసలుకోవడానికా?

ఈ మూడింటికీ జవాబిస్తే నీ మాట కొంటాను, పిల్లలకి నేనే వెళ్లి చెబుతాను మీది తప్పని. నిన్న దర్జీ కొట్టు ముందునుంచి తల దించుకుని వచ్చాను. ఆవిడ "ఫలితాలెప్పుడు టీచర్‌గారూ?" అని నవ్వుతూ అడిగింది. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది. నువ్వు తప్ప నాకు అడగడానికి ఎవరున్నారు చెప్పు?

నీ మేనకోడలు


వెనక వసారా,
బయటికెళ్లి వచ్చాక, చెప్పులు కూడా విప్పకుండా

ఒసే అమ్మడూ,

ఆ పేపరు తయారుచేసింది నేనే.

నువ్వు కడిగేద్దునన్న మనిషిని నేనే. ఏటా పరీక్షల ఆఫీసు నుంచి కబురొస్తుంది. ఇంట్లోవాళ్లకి కూడా చెప్పకూడదన్నది షరతు. రిటైరయ్యాక నాకు మిగిలిన గొప్ప అదొక్కటే, కాబట్టి భద్రంగా దాచుకున్నాను. నీ ఉత్తరం చదివాక తల కొట్టేసినట్టయింది. ముందు నీమీద కోపమొచ్చింది, తర్వాత ఆ పిల్లలమీద. ఆ కోపంతోనే అలా రాశాను.

నీ మూడు ప్రశ్నలకీ జవాబు రాద్దామని కూర్చున్నాను. తెల్ల కాగితం తెల్లగానే ఉంది.

ఎలా జరిగిందో విను. నేను మొదట వేసినవి రెండు ప్రశ్నలు. ఒకటి వెలుగు గురించి, రెండు కుండీలు, రెంటికీ నీళ్లు. ఇంకోటి నీళ్ల గురించి, రెండు కుండీలు, రెండూ వెలుగులోనే. పేపరు పొడుగైంది, కుదించండన్నారు. రెండు ప్రశ్నల్నీ కలిపి ఒకటి చేశాను. కలిపేటప్పుడు రెండు కుండీలు తీసేశాను. వాక్యం చక్కగా కుదిరిందని మురిసిపోయాను కూడా. నేను తీసేసిన కుండీల్ని ఆ పిల్ల మళ్లీ గీసి పెట్టింది చూడు, నా మొదటి కాగితం చూసి రాసినట్టు. అక్కడ నాకు దుఃఖం ఆగలేదే.

సరిచూసిన ముగ్గురూ నా దగ్గర చదువుకున్నవాళ్లే. మేడమ్ వేసిన ప్రశ్న అని కళ్లు మూసుకుని సంతకం పెట్టి ఉంటారు. చీమ నడిస్తే వినపడే తరగతిలో చదివారు మరి.

ఇవాళ పరీక్షల ఆఫీసుకి వెళ్లొచ్చాను. అక్కడి అధికారి కుర్చీ వేయించి, మంచినీళ్లిచ్చి, "ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు మేడమ్, వదిలేయండి. ఇప్పుడు కదిలిస్తే మీ పేరే బయటికొస్తుంది" అన్నాడు. పాపం మంచిగానే చెప్పాడు. "రానియ్ నాయనా. ఫిర్యాదు నేనే చేస్తున్నాను. తయారుచేసింది నేనేనని మా మేనకోడలికి చెప్పబోతున్నాను కూడా" అన్నాను. అలాగైతే ఇకమీదట పేపర్లు మీకివ్వడం కుదరదన్నాడు. కుదరకపోతే మానెయ్యమన్నాను. చెప్పడం తేలికే అయింది. మెట్లు దిగుతుంటే మాత్రం మోకాళ్లు కాదు, ఇంకేదో పీకింది.

దిద్దేవాళ్లకి కొత్త ఆదేశం పంపుతున్నారు. ఏం రాస్తే మార్కులివ్వాలని నన్నే అడిగాడు. నిరూపించలేమని కారణంతో రాసినవాళ్లకి పూర్తి మార్కులు వెయ్యమన్నాను. నేను అడిగినట్టు రాసినవాళ్లకీ పూర్తిగానే వెయ్యమన్నాను. వాళ్లు చేసిన పాపం నా మాట నమ్మడం. నీకు నచ్చదని తెలుసు. కోప్పడు, పడతాను.

అత్త


మేడగది,
ఫలితాలొచ్చిన వారం

అత్తా,

ఎన్ని కాగితాలు చింపానో. నిన్ను పట్టుకుని బుర్ర లేదన్నాను. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది, నువ్వేమో మెట్లెక్కి వెళ్లి నీ గొప్పని నీ చేత్తోనే తీసి అక్కడ పెట్టొచ్చావు. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

ముందు మంచిమాట. గొణుగుడుకి సీటొచ్చింది. చివరి నుంచి నాలుగో పేరు, అయినా వచ్చింది. దర్జీ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. మిషను చప్పుడు లేకుండా ఆ కొట్టుని చూడడం నాకదే మొదటిసారి. పెద్దసారు కూడా మెత్తబడ్డారు. "ఆడించుకో అమ్మా, వారానికోసారి. తలుపు మాత్రం వేసుకో" అన్నారు.

నువ్వనుకున్నట్టే నాకు నచ్చలేదు. తప్పు పట్టుకున్నవాళ్లకీ, పట్టుకోనివాళ్లకీ ఒకే మార్కులా? మా పిల్లలు అంత ధైర్యం చేసి రాస్తే దానికి విలువేముంది? ఈ మాట మనసులో ఉంచుకోలేక గొణుగుడునే అడిగేశాను. "నీకు అన్యాయం అనిపించడం లేదా? మిగతా బళ్లవాళ్లకి ఆ మార్కులు రాకుంటే నీ పేరు ఇంకా పైన ఉండేది కదే" అన్నాను.

 ఈసారి గొణగలేదు అత్తా, పైకే చెప్పింది. "వాళ్లకి ఈ ఆట ఎవరూ నేర్పలేదు కదా టీచర్."

ఆ మాట మోసుకుని ఇంటికొచ్చి నీకు రాస్తున్నాను.

నీ మేనకోడలు


మా వీధి చివరి బడి, వరండా బెంచీ,
గంట కొట్టాక

ఒసే అమ్మడూ,

ఆ పిల్ల అన్న మాట నీకన్నా నాకే ఎక్కువ గుచ్చుకుంది. మూడు రోజులు ఊరుకున్నాను. నాలుగో రోజు కర్ర తీసుకుని మా వీధి చివర బడికి వెళ్లి, వారానికి ఒక గంట మీ ఏడో తరగతిని నాకివ్వండి, జీతం వద్దు అన్నాను. నా పేరు తెలిసినవాళ్లే, ఎగిరి గంతేశారు. బడులు తెరిచారు, ఇవాళే మొదటి క్లాసు. ఇప్పుడే అయింది, ఇక్కడే కూర్చుని రాస్తున్నాను.

లోపలికెళ్లగానే అందరూ లేచి నిలబడ్డారు. కూర్చోమన్నాను, కూర్చున్నారు. ఆట సంగతి చెప్పకుండా ముందు చూద్దామని బోర్డు మీద 'చెరువులు' అని శీర్షిక పెట్టి, కింద పెద్ద అక్షరాలతో రాశాను. "చేపలు ఎప్పుడూ నీళ్లు తాగుతూనే ఉంటాయి. అందుకే ఎండాకాలం చెరువులు ఎండిపోతాయి." రాసి, పక్కకి తప్పుకుని, ఎవరు నవ్వుతారా అని చూశాను.

ఎవరూ నవ్వలేదు. నోటుపుస్తకాలు తెరిచి ఎక్కించుకున్నారు. ముత్యాల్లాంటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. నేను వరుసల మధ్య తిరుగుతుంటే ఇంకా శ్రద్ధగా రాశారు. చీమ నడిస్తే వినపడేంత నిశ్శబ్దం.

అప్పుడు వెనక బెంచీలో ఒక పిల్ల చెయ్యెత్తింది. నా ప్రాణం లేచొచ్చింది. "అడుగమ్మా, ఏదైనా అడుగు" అన్నాను.

"శీర్షిక కింద ఒక గీత గీయాలా, రెండా మేడమ్?" అంది.

ఒకటి చాలన్నాను.  వచ్చే వారం మళ్లీ వెళుతున్నాను. మొదటి రోజు నువ్వు వాళ్ల చేత నోరెలా తెరిపించావో వివరంగా రాయి. నాకు తెలియదు.

అత్త